హైవే దిగితే ఉద్దానం!

శ్రీకాకుళం నుంచి ఇచ్ఛాపురం దాకా ఇప్పుడు రెండు గంటల ప్రయాణం. కారు అద్దంలోంచి చూస్తే కొబ్బరిచెట్లు, దాబాలు, టోల్‌గేట్లు... అంతే! అదే బండి మీద పక్కదారి పడితే? వందేళ్ల రైలు కథ, ఆరుబయట ఎండ కాగే దేవుడు, తుపాకీకి ఎదురు నిలిచిన ఓ పల్లె పడుచు... అందరూ పలకరిస్తారు.

ఆదివారం పొద్దున్న ఆరు. టెక్కలి కూడలిలో టీ కొట్టు అప్పుడే పొయ్యి వెలిగించింది. నా బండి పన్నెండేళ్ల నాటి హండ్రెడ్ సీసీ. వెనక సీటు మీద మాస్టారు. ముప్ఫై ఏళ్లు ఈ చుట్టుపక్కల బళ్లలోనే సోషల్ పాఠం చెప్పి రిటైరయ్యారు. కవిటి దగ్గర పల్లెలో ఉన్న వాళ్ల అప్పను చూడాలన్నారు. ‘బస్సెక్కిస్తాను మాస్టారూ’ అంటే ఒప్పుకోలేదు.

‘‘బస్సు హైవే మీద పోతాది బాబూ. నాకు ఊళ్లు చూడాలనుంది. బావకి వంట్లో బాగోలేదు. మళ్లీ ఎప్పుడెళ్తానో, ఎందుకెళ్తానో!’’ అన్నారు. ఆ చివరి మాటకి నేనింకేం మాట్లాడలేదు. కిక్కు కొట్టాను.

టెక్కలి పేరు చెబితే రాష్ట్రంలో చాలామందికి 1994 గుర్తొస్తుంది. ఆ ఎన్నికల్లో ఎన్టీ రామారావు హిందూపురంతోపాటు ఇక్కడా గెలిచి, హిందూపురం ఉంచుకుని దీన్ని వదులుకున్నారు. ‘‘మనకెప్పుడూ అంతే. వచ్చినోళ్లంతా వొగ్గీసి పోయినోళ్లే’’ అని మాస్టారి చమత్కారం. దేవుడు మాత్రం పోలేదట. కావాలంటే చూపిస్తానని ముందుగా రావివలస వైపు తిప్పించారు.

ఎండే పందిరి

రావివలసలో శివుణ్ని ఎండల మల్లికార్జునుడు అంటారు. ఊళ్లోవాళ్లకి ఎండల మల్లన్న. ఎందుకంటే ఆయన నెత్తిమీద కప్పు లేదు. కొండరాయిలా నిలువెత్తుకు ఎన్నో రెట్లు పెరిగిన లింగం, పైన ఆకాశం. వాన పడితే వాన, కాస్తే ఎండ.

రామాయణంలో లక్ష్మణుడికి సంజీవని చెప్పిన వైద్యుడు సుషేణుడు ఇక్కడే తపస్సు చేశాడని స్థలపురాణం. ఆయన దేహాన్ని జింకచర్మంతో కప్పి, మల్లెపూలు ఉంచితే లింగం వెలిసిందట. మల్లిక, అజినం కలిసి మల్లికాజినుడు... జనం నోట మల్లికార్జునుడు! గుడి కట్టబోతే దేవుడే కలలో కనిపించి కప్పు వద్దన్నాడని చెబుతారు. తనను తాకిన ఎండా గాలీ ఊరిమీదికి పోతే రోగాలుండవన్నాడని నమ్మకం. వైద్యుడి కొండ మీద దేవుడు కదా! కార్తీకమాసంలో ఇక్కడ ఇసకేస్తే రాలదు. మేం వెళ్లిన పొద్దు మాత్రం పదిమందికి మించి లేరు. మాస్టారు కళ్లు మూసుకుని చాలాసేపే నిలబడ్డారు. బావగారి పేరున అర్చన చేయించి, విభూతి పొట్లం జేబులో పెట్టుకున్నారు.

పుట్టింటికొచ్చిన పక్షులు

వెనక్కొచ్చి నౌపడ వైపు మళ్లితే తేలినీలాపురం. ఊరు రాకముందే చెవులకి తెలుస్తుంది. చింతచెట్ల కొమ్మకొమ్మకీ గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు. సెప్టెంబరులో మొదలుపెట్టి రావడం, గూళ్లు కట్టడం, పిల్లల్ని లేపడం, వేసవి మొదట్లో వాటిని వెంటబెట్టుకుని పోవడం! పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లలని ఊరు వాటిని చూసుకుంటుంది. అవి వస్తేనే వానలు, పంటలు అని నమ్మకం. రాలిన రెట్టలతో ఇంటి ముంగిలి పాడైనా ఎవరూ రాయి విసరరు.

సైబీరియా నుంచి వస్తాయని ఏళ్లుగా అందరం రాస్తున్నాం, చెబుతున్నాం. మాస్టారికి ఆ మాటంటే కోపం. అవి మన ఉపఖండపు పక్షులే. నీళ్లూ చేపలూ దొరికే చోటు వెతుక్కుంటూ తిరుగుతుంటాయి. పరదేశం నుంచి వచ్చాయంటేనే మనకి గొప్ప! ఇక్కడికే రావడానికి కారణం పక్కనున్న తంపర. తంపరంటే సముద్రానికి, పొలాలకి మధ్య పరుచుకున్న పల్లపు నీటి నేల. ఉప్పునీరూ మంచినీరూ కలిసేచోటు. చేపలకి పుట్టిల్లు. 2021 చివర్లో ఇక్కడ గూడబాతులు వరసగా నేలరాలాయి. కడుపులో పరాన్నజీవి పురుగులు చేరి చంపాయని పరీక్షల్లో తేలింది. అప్పుడు ఊళ్లో పండగ కళే లేకుండా పోయిందని చెట్టుకింద కూర్చున్న పెద్దాయన చెప్పాడు.

ఆ తంపర చుట్టూ మనుషుల ప్రాణాలూ పోయాయి. ఇదే తోవలోని కాకరాపల్లిలో థర్మల్ విద్యుత్కేంద్రం వద్దంటూ ఊళ్లు లేచాయి. 2011 ఫిబ్రవరి 28న పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. అంతకు ఏడు నెలల ముందే, 2010 జులై 14న, సోంపేట బీలలో అదే గొడవ, అదే కాల్పులు, అక్కడా ఇద్దరు. ‘పనికిరాని బురద నేల’ అని కాగితాల్లో రాసుకున్న చోట వరి పండుతుందని, చేప దొరుకుతుందని, దాన్ని నమ్ముకుని సంసారాలున్నాయని చెప్పడానికి నాలుగు శవాలు లేవాల్సి వచ్చింది.

ఉప్పు మోసిన రైలు

నౌపడ చేరేసరికి ఎండ చురుక్కుమంది. ఇక్కడ నేల అద్దంలా మెరుస్తుంది. కనుచూపు మేర ఉప్పు మడులు. సముద్రపు నీటిని కాలవలోంచి ముందు పెద్ద మడుల్లోకి మళ్లిస్తారు. అక్కడ ఎండకి చిక్కబడ్డాక చిన్న మడుల్లోకి వదులుతారు. నీరు ఇగిరి, అడుగున పలుకు కట్టాక చెక్క పారలతో గీకి, గట్టు మీద కుప్ప పోస్తారు. వేసవే దీనికి అదను. ఒక్క అకాల వర్షం పడితే వారాల కష్టం నీళ్లలో కరిగిపోతుంది. నిజంగానే కరిగిపోతుంది! మేం వెళ్లింది నవంబరులో కాబట్టి మడులు ఖాళీగా ఉన్నాయి. గట్లు మాత్రం ఎవరో తాడు పట్టి గీసినట్టున్నాయి.

ఉప్పు గురించి చెప్పి రైలు గురించి చెప్పకపోతే మాస్టారు ఊరుకోరు. స్టేషన్ ఎదుట బండి ఆపించారు. మద్రాసు, కలకత్తా మధ్య పెద్ద రైలు నౌపడ మీదుగా పోవడం మొదలయ్యాక, పర్లాకిమిడి రాజా గౌరచంద్ర గజపతికి తన ఊరికీ రైలుండాలనిపించింది. సొంతంగా వేయించాడు. రెండున్నర అడుగుల వెడల్పు పట్టాల మీద, నౌపడ నుంచి టెక్కలి, పాతపట్నం మీదుగా పర్లాకిమిడికి, పాతిక మైళ్లు. 1900 ఏప్రిల్ 1న పరుగు మొదలైంది. తర్వాత కొడుకు కృష్ణచంద్ర గజపతి దాన్ని గుణుపూర్ దాకా పొడిగించాడు. కిందికి బియ్యం, కలప, అడవి సరుకు. పైకి ఉప్పు.

ఆ బుల్లి బండి వేగం సంగతి ఈ ప్రాంతంలో ఎవరిని కదిపినా నవ్వుతారు. మాస్టారి చిన్నప్పుడు పిల్లలు కదిలే బండి దిగి, చింతకాయలు కోసుకుని, పరిగెత్తి మళ్లీ ఎక్కేవాళ్లట. ఆ పిల్లల్లో మీరున్నారా అంటే జవాబు చెప్పలేదు. 2004లో చిన్నబండి ఆగిపోయింది. 2011 నాటికి గుణుపూర్ దాకా బ్రాడ్‌గేజ్ అయింది. ఇప్పుడు రైలు వేగంగానే పోతుంది. చింతకాయల సంగతే ఎవరికీ పట్టదు.

తమాషా ఏమిటంటే 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు, పాతపట్నం ఇటు అయ్యాయి. ఒకే రైలు, ఒకే సంత, మధ్యలో సరిహద్దు. ఉద్దానం ఊళ్ల పేర్లు చూసినా ఆ కలగలుపు తెలుస్తుంది. బల్లిపుట్టుగ లాంటి ‘పుట్టుగ’లు దారిపొడవునా తగులుతాయి. ఇంట్లో ఒరియా, బజార్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఇక్కడ వింతేం కాదు.

‘‘ఇంకో ఏప్రిల్ ఒకటి ఉంది. సాయంత్రం చెబుతాను’’ అన్నారు మాస్టారు. పాఠం సగంలో ఆపి గంట కొట్టించడం ఆయనకి అలవాటే.

సముద్రం పక్కగా...

భావనపాడు తీరాన వలలు ఆరేసి ఉన్నాయి. దగ్గర్లోని మూలపేటలో కొత్త పోర్టుకి 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. అటు పోయే లారీల దుమ్ము మా మొహాన కొట్టింది. తూర్పు పక్కన సముద్రాన్ని ఉంచుకుని పైకి పోతుంటే జీడితోటలు, సరుగుడు, మధ్యలో ఇసక. ఇసకలో బండి తోలడం చూసినంత సుఖం కాదు. రెండుసార్లు దిగి నెట్టాం. వజ్రపుకొత్తూరు ఇంకా ఉందనగా వెనక చక్రం గాలి పోయింది. పంక్చరు కొట్టు కుర్రాడు ట్యూబు నీళ్లలో ముంచి చూసి, జీడికొమ్మ ముల్లులా గుచ్చుకుందని తేల్చాడు. టెక్కలి నుంచి ఇటెందుకొచ్చారని అడిగాడు. ఊరికే చూద్దామని అంటే నమ్మలేదు. భూములు కొనడానికొచ్చామనుకున్నాడు.

నువ్వలరేవు గురించి పేపర్లలో చదివే ఉంటారు. ఇక్కడ పెళ్లిళ్లు ఎవరింట్లో వాళ్లకి కుదిరినప్పుడు జరగవు. రెండు మూడేళ్లకోసారి ఊరంతటికీ ఒకే ముహూర్తం. పదుల జంటలు ఒకేరోజు పీటలెక్కుతాయి. ఆ ఊరి అమ్మాయి ఆ ఊరి అబ్బాయికే. వేటకెళ్లే కుటుంబాలు కదా, సముద్రం మీదున్న మగవాళ్లంతా ఒడ్డునుండే రోజు చూసుకోవాలి. కట్నం బేరాలకీ విడివిడి ఆర్భాటాలకీ చోటుండదు.

అక్కుపల్లి తీరం అందంగా ఉంటుంది. ఆగలేదు.

పలాస దారిలో బొడ్డపాడు వచ్చింది. మామూలు ఊరే. కానీ శ్రీకాకుళ సాయుధ పోరాటం గురించి రాసే ఏ పుస్తకమైనా ఈ ఊరి పేరు లేకుండా ఉండదు. పంచాది కృష్ణమూర్తిది ఈ ఊరే. 1969 మే నెలలో పోలీసుల చేతిలో చనిపోయాడు. ఈ ఊరి గుడిలో పూజారిగా ఉంటూ జముకుల కథ కట్టి పల్లెపల్లెనా పాడిన సుబ్బారావు పాణిగ్రాహి అదే ఏడాది డిసెంబరులో. అమరుల స్మారకం దగ్గర మాస్టారు చెప్పులు విప్పారు. ఆ దారి తప్పో ఒప్పో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ‘‘నేనప్పుడు హైస్కూల్లో ఉన్నాను. రాత్రయితే దీపాలార్పేసేవాళ్లం’’ అన్నారంతే.

జీడిపిక్క వాసన

పలాస-కాశీబుగ్గలోకి వచ్చామని ముక్కు చెబుతుంది. కాల్చిన, ఉడికించిన జీడిపిక్కల ఘాటు. పిక్కని ఆవిరి పట్టి ఆరబెడతారు. కటింగ్ మిషన్ ముందు కూర్చున్న ఆడవాళ్లు ఒక చేత్తో పిక్క పెట్టి, మీట నొక్కి రెండుగా చీల్చి, పప్పు విరక్కుండా బయటికి తీస్తారు. తర్వాత బోర్మాలో వేడిపెట్టి పైపొర వలుస్తారు. ఆపైన గుండు, బద్ద, ముక్క అని ఏరడం. గుండుకి ఒక ధర, బద్దకి ఇంకో ధర. మన పాయసంలో తేలేది ఎక్కువగా బద్దే! తొక్కలోని జీడినూనె చర్మాన్ని కాల్చేస్తుంది. ఏళ్ల తరబడి చేసినవాళ్ల వేళ్లు చూస్తే ఇంకెప్పుడూ జీడిపప్పుని తేలిగ్గా నమలబుద్ధి కాదు. చుట్టుపక్కల పండే పిక్క చాలక ఆఫ్రికా దేశాల నుంచీ తెప్పిస్తున్నారు.

భోంచేసి బయల్దేరేముందు మాస్టారు బాకీ తీర్చారు. మూడో ఏప్రిల్ ఒకటి!

1940 మార్చి చివర్లో ఇదే పలాసలో అఖిల భారత కిసాన్ సభ మహాసభలు జరిగాయి. ‘ఓల్గా నుంచి గంగకు’ రాసిన రాహుల్ సాంకృత్యాయన్ ఆ సభలకి అధ్యక్షుడిగా ఎన్నికయ్యారు. ఏర్పాట్లలో బారువకి చెందిన గౌతు లచ్చన్న ముందున్నారు. ఈ లచ్చన్నే పదేళ్ల కిందట, ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో, సముద్రపు నీటితో ఉప్పు చేసి అమ్మి జైలుకెళ్లారు. అప్పటి జమీందారీల్లో అడవి దొరదే. పొయ్యిలో కట్టె, నాగలికి కర్ర, విస్తరికి ఆకు... అన్నిటికీ రుసుము. సభకెళ్లొచ్చిన రైతులకి ధైర్యం వచ్చింది. మందస జమీందారీలో గుడారి రాజమణిపురం వాళ్లు అడవిలోకి వెళ్లి కట్టె కొట్టి తెచ్చుకున్నారు. ఏప్రిల్ 1న నాయకుల్ని పట్టుకెళ్లడానికి పోలీసులొచ్చారు.

దారికి అడ్డం నిలబడింది ఆడవాళ్లు. వాళ్ల ముందు సాసుమాన గున్నమ్మ. చిన్న రైతు కుటుంబం. తనవాళ్లని వదిలితేగానీ కదలనంది. కాల్పులు జరిగాయి. గున్నమ్మ అక్కడే ఒరిగిపోయింది. ఆమెతోపాటు మరికొందరు. సభ ముగిసి వారం తిరగలేదు.

హరిపురం మీదుగా ఆ ఊరికి వెళ్లాం. గున్నమ్మ స్మారకం ఉంది. ఏటా ఏప్రిల్ 1న దండలు పడతాయి. మేం వెళ్లినప్పుడు పక్కన గడ్డివాములు, ఓ మేక. చదువుకునే పిల్లలిద్దరు ఎదురుపడితే మాస్టారు వదల్లేదు. ‘‘ఎవరమ్మా ఈవిడ?’’ చిన్నది టక్కున ‘‘వీర గున్నమ్మ’’ అంది. ఏం చేసిందంటే మాత్రం పెద్దదాని మొహం చూసింది. పెద్దది కాసేపు ఆలోచించి, ‘‘కర్రల కోసం సచ్చిపోనాది’’ అంది. మాస్టారు తల ఊపారు. ‘‘కరెక్టే. నూటికి నూరు’’ అన్నారు.

మందసలో వాసుదేవ పెరుమాళ్ గుడి రాతి పనికి ఓ పూట పడుతుంది, మాకు పావుగంటే దొరికింది. పెద్ద జీయర్ స్వామి ఇక్కడే శ్రీభాష్యం చదువుకున్నారంటారు. బయటికొచ్చి అప్పగారికి కోవా కట్టించారు మాస్టారు. మందస వచ్చి కోవా కొనకుండా పోతే గుమ్మంలోనే అక్షింతలు పడతాయట! పడమట మహేంద్రగిరి నీలంగా నిలబడి ఉంది. ఆ కొండల్లో పుట్టిన మహేంద్రతనయ బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది. మేమూ దాని వెంటే తూర్పుకి తిరిగాం.

కొబ్బరి కింద మనుషులు

ఉద్యానం అన్న మాటే ఉద్దానమైంది. బారువ దాటి కవిటి వైపు వెళ్తుంటే ఆ పేరు ఎందుకొచ్చిందో ఎవరూ చెప్పక్కర్లేదు. పైన కొబ్బరి, దాని కింద పనస, మామిడి, ఆ నీడన ఇళ్లు. కానీ కాస్త జాగ్రత్తగా చూస్తే తోటలో ఎత్తుపల్లాలు తెలుస్తాయి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను ఈ తీరాన్నే దాటింది. తాతలు నాటిన చెట్లు ఒక్క రాత్రిలో పడ్డాయి. తలలు విరిగిన మొండేలు కొన్ని ఇప్పటికీ అలాగే ఉన్నాయి. వాటి మధ్య తర్వాత నాటిన చెట్లు. మొక్క పెడితే కాపుకి ఆరేడేళ్లు. అన్నాళ్లు ఆగలేనివాళ్లు హైదరాబాదు, చెన్నై, ఇంకా దూరాలకి కూలికి పోయారు. తాళాలేసిన ఇళ్లు మేం దాటొచ్చిన ప్రతి ఊళ్లోనూ కనిపించాయి.

తుపాను కంటే ముందొచ్చి ఇంకా పోనిది కిడ్నీ జబ్బు. రెండు దశాబ్దాలకి పైగా డాక్టర్లు, శాస్త్రవేత్తలు వచ్చి నీళ్లు పట్టుకెళ్లారు, మట్టి పట్టుకెళ్లారు, రక్తం పట్టుకెళ్లారు. నీళ్లలో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో నీళ్లు తాగకుండా పనిచేయడం అన్నారు. ఇదీ కారణమని ఖాయంగా తేలలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో రెండొందల పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభించారు. హిరమండలం నుంచి వంశధార నీటిని గొట్టాల్లో ఊళ్లకి పంపే పథకమూ ఆరోజే మొదలైంది. ఒకప్పుడు డయాలసిస్ అంటే విశాఖపట్నం. పోనూ రానూ ఒకరోజు, తోడు వెళ్లినవాళ్ల కూలి పోవడం అదనం. చాలామంది నాలుగైదుసార్లు తిరిగి మానేసేవాళ్లు. మానేస్తే ఏమవుతుందో తెలిసే మానేసేవాళ్లు. ఇప్పుడు సోంపేట వెళ్తే సరిపోతుంది.

మాస్టారి అప్ప గుమ్మంలోనే ఎదురొచ్చారు. ‘‘ఏరా తమ్ముడూ, ఈ ఎండలో బండెక్కొచ్చినావా!’’ అని తిడుతూనే కాళ్లకి నీళ్లిచ్చారు. బావగారు వాకిట్లో నులకమంచం మీద ఉన్నారు. ఒకప్పుడు దింపు తీసిన మనిషట, ఎంత ఎత్తు చెట్టయినా కళ్లు మూసి తెరిచేలోగా ఎక్కేవారట. ఇప్పుడు కుడిచేతికి పూసల్లా ఉబ్బిన నరం. వారానికి మూడు రోజులు సోంపేట. మాస్టారు విభూతి పెట్టి, ఎండల మల్లన్న కబురు చెప్పారు. సుషేణుడి కథ ఆయనకి తెలుసు. ‘‘ఆ వైద్యుడైనా ఇటొకసారి వస్తే బాగుణ్ణు బావా’’ అని నవ్వారు.

మమ్మల్ని కూర్చోబెట్టి, పక్కింటి కుర్రాణ్ని కేకేసి బొండాలు దింపించారు. ఏ చెట్టు నీళ్లు తియ్యగా ఉంటాయో వేలు చూపించి మరీ చెప్పారు. నాకు రెండు, మాస్టారికి రెండు. ఆయన తాగలేదు. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, కిడ్నీలు పోయినవాళ్లకి అది గుండె మీదికి తెస్తుంది. మామూలు నీళ్లకీ లెక్కే. మంచం కింద ఒక చిన్న స్టీలు గ్లాసు ఉంది. పొద్దున్నుంచి ఎన్నిసార్లు నిండిందో అప్ప గోడ మీద బొగ్గుతో గీతలు గీస్తున్నారు. మేం వెళ్లేసరికి నాలుగు గీతలున్నాయి.

‘‘ఎలాగున్నాయి?’’ అని అడిగారు బావగారు, నేను రెండో బొండం దించగానే. తియ్యగా ఉన్నాయన్నాను.

‘‘తిత్లీకి పడనిది ఆ చెట్టొకటే’’ అన్నారాయన.